నెలకొక నాటకం చూడండి!

“బలానికి టానిక్కు ఏదైనా రాయండి డాక్టరుగారూ!” ప్రభుత్వాసుపత్రిలో ఓ.పి. చూసే ఏ డాక్టరునడిగినా, రోజూ వినే మాట ఇదేనని చెబుతాడు. అడిగేవారిలో చాలామందికి రక్తహీనత వుండదు, పెద్ద జబ్బూ వుండదు. నిద్ర సరిగా పట్టదు, ఆకలి వెయ్యదు, ఒళ్ళంతా నొప్పులు, ఏ పనిమీదా మనసు నిలవదు. పరీక్షలు చేయిస్తే రిపోర్టులన్నీ సవ్యంగానే వస్తాయి. అటువంటివారిని నేను తప్పకుండా ఒక ప్రశ్న వేస్తాను. “సాయంత్రంపూట మీరేం చేస్తారు?” అని. జవాబు దాదాపు ఒక్కటే. “ఏముంది సార్! టీవీ ముందు కూర్చుంటాం. లేకపోతే సెల్‌ఫోను చూసుకుంటాం. ఆపైన పడక.”

ఇల్లు, ఆఫీసు, మళ్ళీ ఇల్లు. గానుగెద్దులా తిరగటమే తప్ప నలుగురితో కలిసి కూర్చుని నవ్వింది ఎప్పుడో, కంటతడి పెట్టింది ఎప్పుడో గుర్తుండదు. శరీరానికి తిండీ నిద్రా ఎంత అవసరమో, మనసుకి ఈ రెండూ అంత అవసరం. అందుకే ఈ వారం మాత్రల గురించి కాకుండా, మీ ఊళ్ళో ఆడే నాటకం గురించి రాస్తున్నాను. “వైద్యానికీ నాటకానికీ ఏం సంబంధం?” అని ముక్కున వేలేసుకోకండి. సంబంధం ఈనాటిది కాదు.

డాక్టర్లకీ నాటకానికీ చుట్టరికం

1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ సినిమాలో లుబ్ధావధాన్లు వేషం వేసిన గోవిందరాజుల సుబ్బారావుగారు వృత్తిరీత్యా వైద్యులు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలికి పెద్దదిక్కుగా నిలిచిన గరికపాటి రాజారావుగారూ డాక్టరే. బాపట్లలో వుండి పదుల సంఖ్యలో నాటకాలు, నాటికలు రాసిన కొర్రపాటి గంగాధరరావుగారూ డాక్టరే. పగలు నాడి చూసిన చేతులే రాత్రిపూట ముఖానికి రంగు పూసుకున్నాయి.

అసలు మన తెలుగు నాటకం పెరిగిందే ఇలాంటి ఔత్సాహికుల చేతులమీద. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థుల చేత నాటకం వేయించారు. 1892లో విజయనగరంలో గురజాడవారి ‘కన్యాశుల్కం’ రంగస్థలం ఎక్కింది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. వీటివెనక వున్నవారిలో చాలామందికి నాటకం బతుకుతెరువు కాదు. బడిపంతుళ్ళు, ప్లీడర్లు, గుమాస్తాలు. సొంత డబ్బు పెట్టుకుని, నిద్ర మానుకుని ఆడినవాళ్ళు.

ఆ సంప్రదాయం ఇప్పటికీ చావలేదు. మీ పట్టణంలో కూడా ఒక చిన్న సమాజం వుండే వుంటుంది. బ్యాంకులో పనిచేసే అతను హరిశ్చంద్రుడు. కరెంటాఫీసులో లైన్‌మన్ లైట్లు చూస్తాడు. దర్జీ తీరికవేళల్లో దుస్తులు కుట్టి పెడతాడు. స్కూలు గదిలో రాత్రి తొమ్మిదింటికి రిహార్సల్సు. ప్రదర్శన ఏ టౌనుహాల్లోనో, మునిసిపల్ హైస్కూలు ఆవరణలోనో, గుడి మండపంలోనో. టిక్కెట్టు వుండకపోవచ్చు. వున్నా మీరు సినిమాహాల్లో తినే పాప్‌కార్ను ఖరీదంత వుండదు. హాల్లో కుర్చీలు మాత్రం సగం ఖాళీ. ఆ ఖాళీ కుర్చీల్లో ఒకటి మీది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

నవ్వినప్పుడు ఊపిరితిత్తుల కిందవుండే పొర బాగా కదులుతుంది. గాలి లోతుగా పీల్చి వదులుతాం. పొట్ట, ఛాతీ, ముఖం కండరాలు బిగుసుకుని, నవ్వు ఆగాక వదులవుతాయి. అందుకే గట్టిగా నవ్వాక ఒళ్ళు తేలికపడినట్టు వుంటుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని హాస్యం చూస్తే పెదవులు కదులుతాయేగాని పగలబడి నవ్వం. మనిషి ఒంటరిగా వున్నప్పటికంటె నలుగురిలో వున్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గమనించాడు. గిరీశం మాటకి పక్కాయన నవ్వితే మీకూ నవ్వొస్తుంది. కాటిసీనులో ముందువరసలో ఒకావిడ ముక్కు చీదుకుంటే మీ గొంతులోనూ ఏదో అడ్డుపడుతుంది.

ఇంకొకటి. టీవీలో మనిషికి మీ చప్పట్లు వినపడవు. నాటకంలో వినపడతాయి. పద్యం బాగుంటే “వన్స్‌మోర్” అంటారు, అతను మళ్ళీ పాడతాడు. బాగాలేకపోతే దగ్గుతారు, అతను గతుక్కుమంటాడు. అంటే నాటకంలో మీకూ ఒక వేషం వున్నట్టే. రెండుగంటలసేపు చెవి, కన్ను, మనసు ఒకేచోట వుంటాయి. రోజంతా ఫోను పిలుపులతో ముక్కలు ముక్కలైపోయే మనసుకి అదే పెద్ద విశ్రాంతి.

దీనికి రుజువు వుందా అంటారా? ఇంగ్లండులో 50 ఏళ్ళు దాటిన 6,710 మందిని 14 సంవత్సరాలపాటు గమనించి, ఆ వివరాలు 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. నాటకాలకీ, కచేరీలకీ, మ్యూజియాలకీ, చిత్రప్రదర్శనలకీ ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వెళ్ళేవారిలో, అసలు వెళ్ళనివారితో పోలిస్తే, ఆ కాలంలో చనిపోయే ముప్పు 14 శాతం తక్కువగా కనిపించింది. కొద్దినెలలకొకసారో అంతకంటె తరచుగానో వెళ్ళేవారిలో 31 శాతం తక్కువ.

అయితే తొందరపడి “నాటకం చూస్తే ఆయుష్షు పెరుగుతుంది” అని గోడమీద రాయకండి. ఆరోగ్యంగా, నాలుగు డబ్బులతో వున్నవారే ఇలాంటివాటికి ఎక్కువగా వెళతారన్నది తెలిసిన సంగతే. పరిశోధకులు ఆ తేడాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా కొంత సంబంధం మిగిలింది. నాటకమే కారణమని ఆ లెక్క తేల్చలేదు. నష్టం లేదు, లాభం వుండే అవకాశం వుంది. ఇంత చవకగా, ఇంత తీయగా వుండే మందు నా అలమారలో ఇంకొకటి లేదు.

ఒంటరితనం కూడా జబ్బే

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒంటరితనం కేవలం మనసుకి సంబంధించిన బాధ అనుకునేవాళ్ళం. గుండెజబ్బులు, పక్షవాతం, మతిమరుపు, దిగులు జబ్బు ఒంటరివారిలో ఎక్కువని ఈనాడు వైద్యశాస్త్రం చెబుతోంది. ప్రపంచంలో ప్రతి 6గురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025లో ఇచ్చిన నివేదికలో పేర్కొంది. దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి 8 లక్షల 71 వేలని అంచనా వేసింది.

మన ఇళ్ళల్లో చూడండి. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగుళూరులో. ఇక్కడ మూడు గదుల ఇంట్లో ఒక ముసలి ప్రాణం. డబ్బుకి లోటు లేదు, మందులకి లోటు లేదు. మాట్లాడే మనిషికే లోటు.

మా ఆసుపత్రికి వచ్చే ఒక రిటైరైన తెలుగు పండితుడి సంగతి చెబుతాను. భార్య పోయి ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఒకసారి గుండె దడ, ఒకసారి కడుపులో మంట, ఒకసారి కాళ్ళ తిమ్మిర్లు. ఈ.సి.జి. బాగానే వుంది, రక్తపరీక్షలు బాగానే వున్నాయి. రక్తపోటు మాత్రం కొంచెం ఎక్కువ, దానికి మాత్ర ఇచ్చాం. ఒకరోజు, “మాస్టారూ, రాత్రి భోజనం ఎవరితో చేస్తారు?” అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “గోడతో” అన్నారు.

మా ఊళ్ళో ఒక నాటక సమాజం వుంది. వాళ్ళకి అప్పుడు ప్రాంప్టరు కావాలి. పద్యం తప్పుపోతే పక్కతెర వెనకనుంచి అందించే మనిషి. ఆ సంగతి మాస్టారుకి చెప్పి, సమాజం కార్యదర్శికి ఫోను చేశాను. మొదటి రెండు వారాలూ ఆయన వెళ్ళలేదు. మూడోవారం వాళ్ళే స్కూటరు మీద వచ్చి తీసుకువెళ్ళారు. అప్పటినుంచి వారానికి నాలుగు రాత్రులు రిహార్సల్సు. ‘పాండవోద్యోగం’ పద్యాలు కుర్రవాళ్ళచేత యతి దగ్గర ఆగి, అర్థం తెలిసి పాడేలా చేయటం ఆయన పని. రిహార్సల్ అయ్యాక అందరూ కలిసి ఇడ్లీ బండి దగ్గర పలహారం. అంటే రాత్రి భోజనం గోడతో కాదు.

ఆయన జబ్బులన్నీ మాయమైపోయాయని చెప్పను. రక్తపోటు మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నారు. భార్య తద్దినంనాడు ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడరు. కాని వారానికి రెండుసార్లు వచ్చే మనిషి ఇప్పుడు నెలకొకసారి, మాత్రలకోసమే వస్తున్నారు. అదీ “త్వరగా పంపించండి, రిహార్సల్ వుంది” అంటూ.

ఒక హెచ్చరిక: రెండువారాలకు పైగా మనసు దిగులుగా వుండి, నిద్రా ఆకలీ పోయి, బతకటం దండగ అనిపిస్తుంటే అది నాటకంతో తీరే జబ్బు కాదు. వెంటనే మానసిక వైద్యుణ్ణి చూడాలి. 14416 నంబరుకి ఫోనుచేస్తే ‘టెలి మానస్’ వారు రాత్రీపగలూ, తెలుగులోనే, డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. దీనికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇల్లాలికీ ఒక సాయంత్రం కావాలి

మంచంపట్టిన అత్తగారికో, మామగారికో సేవచేసే ఇల్లాళ్ళు మా దగ్గరకు తలనొప్పి, నడుంనొప్పి అంటూ వస్తారు. రోగిని చూసి అందరూ “పాపం” అంటారు. రోగిని చూసుకునే మనిషిని ఎవరూ పలకరించరు. ఆమెకి నెలకి ఒక్క సాయంత్రం సెలవు ఇవ్వండి. ఆ మూడుగంటలూ కొడుకో కూతురో, చెప్పి ఒప్పించిన పక్కింటివారో రోగి దగ్గర కూర్చుంటారు. వంట ముందే అయిపోవాలి, లేదా ఆ పూట బయటినుంచి తెప్పించుకోవాలి. లేకపోతే ఆమె హాల్లో కూర్చున్నా మనసు పొయ్యిమీద పాలదగ్గరే వుంటుంది. “నువ్వు వెళ్ళిరా” అని ఊరికే అనటం కాదు, వెళ్ళేలా ఏర్పాటు చెయ్యటం మగవారి పని.

బయలుదేరేముందు

తిండి: నాటకం పదింటివరకు సాగవచ్చు. ఆరున్నర, ఏడింటికల్లా తేలికగా తినండి. రెండు ఇడ్లీలో, పుల్కాలో, పెరుగన్నమో చాలు. కడుపునిండా తింటే మొదటి అంకంలోనే కునుకు పడుతుంది.

చక్కెరజబ్బు: ఇన్సులిన్ గాని, చక్కెర బాగా దిగిపోయేలా చేసే మాత్రలు గాని వాడేవారు ఇది బాగా గుర్తుంచుకోవాలి. మందు వేసుకుని తిండి వాయిదా వెయ్యకూడదు. “వచ్చాక తింటాంలే” అన్న మాట ప్రాణంమీదకు తెస్తుంది. ఆ రోజు మందు ఏ వేళకి తీసుకోవాలో మీ డాక్టరుని ముందే అడగండి. జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం వుంచుకోండి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, కళ్ళు బైర్లు కమ్మటం మొదలైతే మూడుచెంచాలు నీళ్ళలో కలుపుకుని వెంటనే తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి.

రక్తపోటు: మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు మామూలుగా ఉదయమే వేసుకోమంటారు. సాయంత్రం వేసుకుంటే నాటకమంతా మరుగుదొడ్డి దారిలోనే గడుస్తుంది. అలాగని మీరే మానెయ్యకండి, వేళ మార్చవచ్చునేమో డాక్టరుని అడగండి. పెద్దవయసు మగవారు, మూత్రం సరిగా ఆగనివారు హాల్లోకి వెళ్ళగానే మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోవాలి. దానికి భయపడి నీళ్ళు తాగటం మానేస్తే ఎండాకాలంలో ఇంకో ప్రమాదం.

సంచిలో: కళ్ళజోడు, ఒక మంచినీళ్ళ సీసా, పలచని శాలువా, చిన్న టార్చిలైటు. ఆరుబయట ప్రదర్శనకి వెళ్ళేటప్పుడు నిండుచేతుల చొక్కా వేసుకుని, దోమలు దగ్గరికి రాకుండా వుండే క్రీము రాసుకోండి. మలేరియా, బోదకాలు తెచ్చే దోమలు కుట్టేది రాత్రిపూటే. ఉబ్బసం వున్నవారు పీల్చే మందు మరిచిపోకూడదు. కొన్ని నాటకాల్లో పొగ వదులుతారు, సాంబ్రాణి వేస్తారు.

హాల్లో ఎక్కడ కూర్చోవాలి?

మన హాళ్ళలో మైకు పెట్టెలు స్టేజికి అటూఇటూ వుంటాయి. వాటికి ఎదురుగా ముందువరసలో కూర్చోకండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి 8 గంటలు ఓర్చుకోగలదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ ఆ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది 15 నిమిషాలే. కొలిచే పరికరం అక్కర్లేదు. మూరెడు దూరంలో వున్నవారితో కూడా అరిచి మాట్లాడవలసివస్తే ఆ చోటు మీ చెవికి పనికిరాదు, వెనక్కి జరగండి. వినికిడి తగ్గినవారు మైకుపెట్టెల దగ్గరకాక, మధ్యవరుసల్లో, నటుల పెదవులు కనిపించేచోట కూర్చుంటే మాట బాగా అందుతుంది.

మోకాళ్ళనొప్పులు, మూత్రం ఇబ్బంది, గర్భం వున్నవారు వరస చివరి సీటు తీసుకోవాలి. ఎక్కువసేపు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి. పది పదిహేను నిమిషాలకొకసారి మడమలు ఎత్తి దించండి, వేళ్ళు ముడిచి చాపండి. విరామంలో కుర్చీకి అతుక్కుపోకుండా లేచి నాలుగడుగులు వెయ్యండి.

వెలుతుర్లోంచి చీకట్లోకి వచ్చినప్పుడు కన్ను పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వయసు మీరినవారికి ఇంకా ఆలస్యం. దీపాలు ఆరాక మెట్లమీద తడుముకుంటూ నడవకండి. తుంటి ఎముక విరిగే ప్రమాదాలు ఇలాంటిచోటే జరుగుతాయి. వేళకి ముందే వెళ్ళి కూర్చోండి. బయటికిపోయే తలుపులు ఎక్కడెక్కడ వున్నాయో ఒక్కసారి చూసిపెట్టుకోండి.

విరామంలో వేడివేడి మిరపకాయబజ్జీల వాసన వస్తుంది. తినవద్దనను. రెండింటితో ఆపండి. రాత్రి ఎనిమిదింటికి తాగిన టీలోని కెఫీన్ సగం తగ్గటానికి సుమారు 5 గంటలు పడుతుంది. నిద్రపట్టనివారు దాని బదులు మజ్జిగ తాగటం మంచిది.

ఎవరు వెళ్ళకూడదు?

జ్వరం, జలుబు, దగ్గు వున్నవారు ఆ పూటకి ఆగాలి. మీతోపాటు వందమంది అదే గాలి పీలుస్తారు. రెండువారాలకు మించి దగ్గు వుంటే నాటకానికి కాదు, కళ్ళె పరీక్షకి వెళ్ళాలి. మూర్ఛలు వున్నవారిలో కొందరికి గబగబా వెలిగి ఆరే దీపాలు పడవు. యుద్ధం సీన్లలో అలాంటివి వాడతారు గనక నిర్వాహకుల్ని ముందే అడగండి. చంటిపిల్లల్ని మైకుమోతలోకి తీసుకువెళ్ళటం వాళ్ళకీ మంచిది కాదు, నటులకీ మంచిది కాదు.

హాల్లో ఎవరికైనా ఛాతీమధ్య బరువుగా నొక్కినట్టుండి, ఎడమచేతికో దవడకో నొప్పి పాకి, చెమటలు పోస్తుంటే “గాస్ అయివుంటుంది” అని సోడా తెప్పించకండి. కూర్చోబెట్టి, నడవనివ్వకుండా, 108కి ఫోనుచెయ్యండి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దయిపోయినా పక్షవాతమే అనుకోవాలి. నాలుగున్నర గంటల్లోగా, ఎంత ముందైతే అంత మంచిది, తగిన ఆసుపత్రికి చేరితే గడ్డ కరిగించే మందు ఇవ్వటానికి వీలుంటుంది. ఉక్కకి సొమ్మసిల్లినవారిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టాలి. చుట్టూ మూగకుండా గాలి తగలనివ్వాలి. స్పృహలేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

రంగు పూసుకునేవారికి రెండు మాటలు

నటులారా! మీ గొంతే మీ ఆస్తి. రెండుగంటలు పద్యాలు పాడేముందు పావుగంట మెల్లగా స్వరం సవరించుకోండి. గోరువెచ్చని నీళ్ళు గుక్కగుక్కగా తాగండి. “ఒక్క పెగ్గు వేస్తే గొంతు తెరుచుకుంటుంది” అన్నది వట్టి అపోహ. గొంతు ఎండిపోతుంది, మాట తడబడుతుంది. పొగతాగటం సంగతి సరేసరి. బొంగురు మూడువారాలకు మించి వుంటే గొంతు డాక్టరుకి చూపించుకుని తీరాలి.

కొత్తరంగు వాడేముందు మోచేతిమడతలో కొద్దిగా రాసి ఒకరోజు చూడండి. దద్దురు వస్తే ముఖానికి వద్దు. మీసం అతికించే గమ్ముకీ అదే సూత్రం. రంగు తీసేటప్పుడు గరుకుగుడ్డతో రుద్దకుండా కొబ్బరినూనెతో మెల్లగా తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఒకే బ్రష్షుతో పదిమంది కళ్ళకి కాటుక దిద్దితే, ఒకరి కండ్లకలక పదిమందికీ అంటుతుంది.

నిర్వాహకులకు ఒక మనవి

ఆహ్వానపత్రికలో 6-30 గంటలకని వేస్తారు. వేళకి వచ్చినవాడు పాపం చేసినట్టు గంటసేపు ఖాళీతెర చూస్తూ కూర్చుంటాడు. తర్వాత జ్యోతిప్రజ్వలనం. ఆపైన ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరిదీ ఉపన్యాసం. తెర లేచేసరికి 8-30. ఆ రెండుగంటల్లో చక్కెరజబ్బువాడికి నీరసం వస్తుంది, ముసలివారికి నడుం పట్టేస్తుంది, దూరంనుంచి వచ్చినవారికి ఆఖరి బస్సు గుర్తొస్తుంది. ప్రేక్షకులు రావటంలేదని బాధపడేముందు ఇది ఆలోచించండి. వేళకి తెర ఎత్తండి. సన్మానాలు నాటకం అయ్యాక పెట్టండి, వుండదలచినవారు వుంటారు. ఆడవారికి శుభ్రమైన, తాళంవెయ్యని మరుగుదొడ్డి, పెద్దలకి మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ, తాళంతీసివుంచిన రెండో తలుపు – ఈ మూడూ వుంటే మీ హాలు సగం నిండినట్టే.

మీ సందేహాలు

“ఆరునెలల కిందట గుండెకు స్టెంటు వేశారు. నాటకం చూడవచ్చా?” అంటే, మామూలుగా నడుస్తూ, ఆయాసం నొప్పి లేకుండా మెట్లు ఎక్కగలుగుతుంటే చూడవచ్చు. మీ డాక్టరుకి ఒకమాట చెప్పండి. మాత్రల వేళ తప్పించకండి.

“మా ఐదేళ్ళవాడు రాక్షసవేషం చూసి జడుసుకుని రాత్రంతా ఏడ్చాడు. ఇక తీసుకువెళ్ళకూడదా?” ఆ వయసులో వేషానికీ మనిషికీ తేడా పూర్తిగా తెలియదు. ఈసారి వెనకవరసలో కూర్చోండి. నాటకం అయ్యాక తెరవెనక్కి తీసుకువెళ్ళి, కోరలు తీసేసి టీ తాగుతున్న రాక్షసుణ్ణి చూపించండి. భయం పోయి, వాడికే వేషం కట్టాలనిపిస్తుంది.

“నాటకంలో ఏడుపు వస్తే గుండెకు మంచిది కాదంటారు. నిజమేనా?” సామాన్యంగా ఏ హానీ లేదు. నిజానికి మన ఇళ్ళల్లో మగవారికి ఏడ్చే అనుమతి చీకటి హాల్లోనే దొరుకుతుంది. ఇంకా బాధగా వుంటే, ఇంటికి నడిచే దారిలో పక్కవారితో చెప్పుకోండి.

ఇంటికి వచ్చాక

నాటకం చూడటం ఎంత మంచిదో, దాని గురించి మాట్లాడుకోవటం అంత మంచిది. ‘వరవిక్రయం’ చూసి వచ్చిన ఇంట్లో కట్నం గురించి మాట వస్తుంది. ఆత్రేయ ‘ఎన్‌.జి.ఓ.’ చూసినవారికి, సాలీచాలని జీతంతో తండ్రి ఇల్లెలా నడిపాడో గుర్తుకొస్తుంది. మామూలుగా తేనెతుట్టె కదిపినట్టయ్యే విషయాలు, పాత్రల పేరుమీద అయితే తేలిగ్గా బయటకొస్తాయి. స్కూటరు మీద వచ్చేవారు ఇద్దరూ హెల్మెట్టు పెట్టుకోండి. ఇంటికి రాగానే ఫోను తెరవకుండా పడుకోండి. మర్నాడు మామూలు వేళకే లేవండి. ఒకరాత్రి గంట నిద్ర తగ్గితే మునిగిపోయేదేమీ లేదు, వారంవారం తగ్గితేనే చిక్కు.

ఇక ఈ వారం చీటీ ఇది: నెలకొక నాటకం, రాత్రి తేలికపాటి భోజనం తర్వాత, ఇంటిల్లిపాదీ. రేపు దినపత్రికలో ‘నగరంలో నేడు’ శీర్షిక చూడండి, టౌనుహాలు గోడమీద పోస్టరు చూడండి. వెళ్ళేటప్పుడు మీ వీధిలో ఒంటరిగా వుంటున్న పెద్దాయన్నో, పెద్దమ్మనో పిలవండి. మొదటిసారి “నాకెందుకు బాబూ, మీరు వెళ్ళండి” అంటారు. రెండోసారీ అలాగే అంటారు. మూడోసారి కూడా అడగండి. హాల్లో చందా డబ్బా తిప్పితే అందులో ఏదో ఒకటి వెయ్యండి. వచ్చేనెల ఆ సమాజం మళ్ళీ నాటకం ఆడాలంటే, లైట్లకీ మైకుకీ అద్దె అందులోంచే కట్టాలి.